అమ్మీ కిటికీలో బుల్బుల్ గూడు

గూడును ముందు చూసింది అమ్మీయే.

2024లో సంగతి. షబే బరాత్ వెళ్లి రెండు వారాలైంది. రంజాన్ చాంద్ ఇంకో రెండ్రోజుల్లో కనిపిస్తుందనగా ఒక పొద్దున అమ్మీ కిటికీ వైపు చూస్తూ "బు... బు..." అంది. జనవరిలో ఫాలిజ్ కొట్టినప్పటి నుంచీ అమ్మీ మాట ముద్దముద్దగా వస్తోంది. నాకు బురఖా అన్నట్టు వినిపించింది. ఎక్కడికో తీసుకెళ్లమంటోంది అనుకున్నాను. మా బేగమ్‌కి భూక్ అని వినిపించింది. గబగబా గిన్నె తెచ్చింది. మా బేటీ మాత్రం కిటికీ ఊచలకు ముఖం ఆనించి చూసి, "దాదీ బుల్బుల్ అంటోంది అబ్బా. మల్లెపందిట్లో గూడు కడుతోంది" అంది.

మాది రాజమండ్రిలో పాత పెంకుటిల్లు. ముందు గది, మధ్య గది, వెనక వసారా, ఆ వెనక ఆంగన్. ఆంగన్ అంటే పెద్ద తోటేమీ కాదు. ఒక జామచెట్టు, ఒక కరివేపాకు చెట్టు, బావి గట్టు పక్కన మందారం, వసారా కిటికీని ఆనుకుని మల్లెపందిరి. అన్నీ అమ్మీ కడియం నర్సరీల నుంచి ఒక్కొక్కటే తెచ్చి పెట్టినవి. అబ్బా పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి అమ్మీ ఆ కిటికీ దగ్గర కుట్టుమిషన్ వేసుకుని జాకెట్లు, లంగాలు, బురఖాలు కుట్టి నన్నూ ఆపానూ పెంచింది. ఇంట్లో వెలుతురు బాగా వచ్చే చోటు అదే. హాస్పిటల్ నుంచి తెచ్చాక మిషన్ జరిపి అక్కడే అమ్మీ మంచం వేశాం. గూటికీ మంచానికీ మధ్య నాలుగడుగుల దూరం, ఒక కిటికీ.

ఉర్దూ మీడియం బడిలో చదివిన నాకు బుల్బుల్ అంటే నజ్మ్‌లలో ఉండే పిట్ట. ఇక్బాల్ పిల్లల కోసం రాసిన 'హమ్‌దర్దీ'లో చీకటి పడి దిగులుగా కూర్చున్నది బుల్బులే. గజళ్లలో గులాబీ కోసం ఏడ్చేదీ బుల్బులే. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక పికిలిపిట్ట అనే మాట తెలిసింది. మన పెరళ్లలో బుల్బుల్ అని పిలిచే పిట్టా, ఆ పికిలిపిట్టా ఒకటేనని చాలా ఏళ్లు తెలియలేదు. ఫార్సీ షాయిరీలో రాత్రుళ్లు పాడే బుల్బుల్ వేరే పిట్ట. అది మన గోదావరి వైపు ఉండదు. మన బుల్బుల్‌ది నల్లటి తల, తల మీద చిన్న జుట్టు, ఒంటి మీద పొలుసుల్లాంటి మట్టిరంగు, తోక కింద కుంకుమబొట్టంత ఎరుపు. మగదీ ఆడదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గులాబీల కోసం ఏడ్చే తీరిక దీనికి లేదు. పొద్దున్నుంచీ పురుగుల కోసం, పళ్ల కోసం తిరగడమే సరిపోతుంది.

సన్న పుల్లలు, గడ్డిపోచలు, వేళ్లు, సాలెగూటి దారాలు తెచ్చి టీకప్పంత గూడు కట్టాయి. రెండో రోజా నాడు మొదటి గుడ్డు. నాలుగో రోజాకు మూడయ్యాయి. తల్లి లేని సమయం చూసి మా బేటీ కుర్చీ ఎక్కి, ముట్టుకోకుండా ఫోన్ పైకెత్తి ఫొటో తీసింది. లేత గులాబీ రంగు గుడ్ల మీద ఎర్రమట్టి చిలకరించినట్టు మచ్చలు. ఆ ఫొటో అమ్మీకి చూపిస్తే కుడి చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించింది. లెక్క తప్పలేదు.

తెలుగులో పక్షం అంటే రెక్క. పక్షం అంటే పక్క కూడా. పదిహేను రోజులూ పక్షమే. రెక్కలున్నది పక్షి, ఒక పక్క పడిపోతే పక్షవాతం. డిగ్రీలో నానార్థాలు బట్టీ పట్టినప్పుడు ఇవి మార్కుల కోసమే. అమ్మీ ఎడమ పక్క పడిపోయాకే ఆ మాట ఒకటొకటిగా విప్పి చూశాను. బుల్బుల్ గుడ్లు పొదగడానికి దాదాపు పద్నాలుగు రోజులు. పుట్టిన పిల్లల్ని మేపి గూడు దాటించడానికి ఇంకో పన్నెండు రోజులు, కొంచెం అటూ ఇటూగా. రెండూ కలిపితే మన రంజాన్ నెలకు దగ్గరదగ్గర.

ఆ నెల ఎలా మొదలైందో ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను.

అమ్మీకి నడక పోయింది, మాట సగం పోయింది, హోష్ మాత్రం ఒక్క చుక్క తగ్గలేదు. చాంద్ కనిపించిందని మసీదు మైకులో ఎలాన్ రాగానే కళ్లు తుడుచుకుంది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి రాగిజావ చెంచా నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసింది. రోజా. చిన్నప్పటి నుంచి ఒక్క రోజా వదలని మనిషి. మేమందరం రోజాతో ఉంటే తను మంచం మీద కూర్చుని జావ తాగడమా?

"అమ్మీ, బీమారోళ్లకి మాఫీ ఉంది. ఖురాన్‌లోనే ఉంది కదా" అన్నాను. మసీదు ఇమామ్ సాబ్ ఇంటికొచ్చి అదే మాట చెప్పారు. రోజుకొక మిస్కీన్‌కి అన్నం పెట్టే ఫిద్యా నెలకు సరిపడా ఇచ్చేశాం. అన్నీ విన్నది. తలూపింది. నోరు మాత్రం తెరవలేదు.

డాక్టర్ ముందే హెచ్చరించాడు. ఫాలిజ్ వచ్చిన వాళ్లకు మింగడం కష్టమవుతుంది. మామూలుగా గొంతులోకి ఏదైనా జారేటప్పుడు ఊపిరిగొట్టం దానంతటదే మూసుకుంటుంది. వీళ్లకు ఆ పని ఆలస్యంగా జరుగుతుంది. నీళ్లలాంటి పల్చటివి వేగంగా జారిపోతాయి కాబట్టి వాటితోనే ఎక్కువ ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమోనియా. అందుకే నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి వంచాలి, చిక్కటిది, చిన్న చెంచాతో, ఒకటి మింగాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించాను.

మూడో రోజా మధ్యాహ్నం నాకు సబర్ తప్పింది. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. మందుల టైము దాటిపోతోంది. నేను రోజాతో ఉన్నాను, ఎండ, తలనొప్పి. అమ్మీ దవడ నొక్కి చెంచా లోపల పెట్టాను. దగ్గు వచ్చి మొత్తం బయటికి వచ్చేసింది. కళ్లు ఎర్రబడ్డాయి. నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. నన్ను కని పెంచిన మనిషి దవడ నొక్కాను నేను. ఆ రోజు ఇఫ్తార్ ఎందుకు చేస్తున్నానో నాకే తెలియలేదు.

పద్దెనిమిదో రోజా నాడు గుడ్లు పగిలాయి. మూడు పిల్లలు. ఈకలు లేవు, కళ్లు తెరవలేదు. పెద్ద తలకాయలు, పల్చటి చర్మం కింద పొట్ట కనిపిస్తోంది. అప్పటి నుంచి ఆ రెండు పిట్టలకూ క్షణం ఖాళీ లేదు. మాకు ఫజ్ర్ నుంచి మగ్‌రిబ్ దాకా పదమూడు గంటల పైన రోజా. వాటికి అదే వేళ అంతా పని. ఒక సాయంత్రం అస్ర్ అయ్యాక రిపోర్టర్ అలవాటు కొద్దీ కాగితం మీద గీతలు పెట్టి లెక్కేశాను. గంటలో పదకొండుసార్లు వచ్చాయి. మొదటి రోజుల్లో మెత్తటి సన్న పురుగులు, తర్వాత ఆకుపచ్చ గొంగళిపురుగులు, మిడతలు, ఆ తర్వాత పండిన జామపండు ముక్కలు.

పొద్దున్నే ఆకలితో బయల్దేరి సాయంత్రానికి కడుపు నిండి తిరిగొచ్చే పక్షుల గురించి తవక్కుల్ చెప్పే హదీస్ మనందరం బయాన్లలో విన్నదే. చిన్నప్పుడు నేను దాన్ని అల్లా మీద భారం వేసి కూర్చోవడం అనుకునేవాణ్ణి. కిటికీ దగ్గర కూర్చుని చూశాక ఆ హదీస్‌లో పిట్ట గూట్లో కూర్చోలేదని అర్థమైంది. అది బయల్దేరుతుంది. రిజ్క్ ఇచ్చేవాడు ఆయనే, వెతికే రెక్కలు దానివి.

అమ్మీ రోజంతా ఇదే చూసేది. నేను గమనించని చాలా సంగతులు ఆమె చూపు వెంట వెళ్లి నేను చూశాను. పిట్ట వచ్చి గూటి అంచు మీద వాలగానే గూడు కొంచెం కదులుతుంది. కళ్లు లేని పిల్లలు ఆ కదలిక తెలుసుకుని మెడలు సాచి నోళ్లు తెరుస్తాయి. లోపల రంగు మెరుస్తూ కనిపిస్తుంది, ఇక్కడ పెట్టు అన్నట్టు. ఎక్కువ ఎత్తు సాగిన నోట్లో ముందు పెడుతుంది. అది మింగలేకపోతే ముక్కుతో మళ్లీ తీసి పక్కదానికి పెడుతుంది. ఏ నోరూ తెరుచుకోకపోతే పురుగు ముక్కున పట్టుకుని అలాగే ఆగుతుంది. మూసిన నోటిని పొడిచి తెరవడం నేనొక్కసారీ చూడలేదు.

ఇంకో సంగతి. మేపడం అయ్యాక వెంటనే ఎగిరిపోదు. పిల్ల వెనక్కి తిరిగి తోక ఎత్తేదాకా చూస్తుంది. రెట్ట పల్చగా కాకుండా తెల్లటి చిన్న సంచీలాగా బయటికి వస్తుంది. తల్లో తండ్రో దాన్ని నోటితో అందుకుని మింగేస్తుంది. అందుకే గూడు శుభ్రంగా ఉంటుంది, వాసనకు పిల్లులూ పాములూ రావు. మా చిన్నవాడు "ఛీ" అన్నాడు. అమ్మీ వాణ్ణి చూసి, తర్వాత నన్ను చూసింది. పక్కబట్టలు మార్చేటప్పుడల్లా సిగ్గుతో కళ్లు మూసుకునే మనిషి ఆ రోజు మూసుకోలేదు.

మా ఎదురింటి మామ్మగారిది మండపేట వైపు. ఏటా సంక్రాంతికి వాళ్ల పొలం నుంచి వరికంకులు తెచ్చి కుచ్చు అల్లుతారు. ఒకటి వాళ్ల చూరుకు, ఒకటి మాకు. "పిచ్చుకలకు హిందువులేంటి, సాయిబులేంటండీ, ఆయ్" అంటారు. గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ల చూరుకూ గుడి మండపాలకూ వేలాడే ఆ ధాన్యపు కుచ్చులు మీరూ చూసే ఉంటారు. పిచ్చుకలు వచ్చి ఒక్కొక్క గింజా వొలుచుకుని తింటాయి. మంచి రివాజు, మాషా అల్లాహ్. కానీ ఒక సంగతి నాకు ఆ నెలలోనే తెలిసింది. ఆ గింజలు పెద్ద పిచ్చుకలకే. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే పెడుతుంది. ఈకలు మొలవాలన్నా ఎముకలు గట్టిపడాలన్నా పిల్లకు మాంసకృత్తులు కావాలి. వడ్లగింజ అప్పుడే పుట్టిన పిల్లకు అరగదు. కబూతర్ ఈ లెక్కకు వేరు. పావురాల్లో తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు సంచుల్లోనూ పాల లాంటి పదార్థం ఊరుతుంది. పిల్లకు అదే మొదటి నివాలా. తండ్రి కూడా పాలిచ్చే పక్షి!

అందుకే చూరుకు కుచ్చు కట్టి, పెరట్లో పురుగుమందు కొడితే పెద్దవాటికి భోజనం పెట్టి పిల్లల కంచం లాగేసినట్టే. ఆ ఏడు మా మందారానికి పిండినల్లి పట్టింది. మామ్మగారు వాళ్ల పొలానికి కొట్టే మందు సీసాలో పోసి పంపిస్తానన్నారు. నేను తీసుకోబోయాను కూడా. మల్లెపందిరి మీదుగా మందారం దాకా తిరిగి గొంగళిపురుగు పట్టుకెళ్తున్న బుల్బుల్ కనిపించింది. వద్దన్నాను. సబ్బునీళ్ల గుడ్డతో ఆకులు తుడిచాం. మందారం చచ్చిపోలేదు.

ఇరవై మూడో రోజా. అస్ర్ నమాజ్ చదివి వచ్చేసరికి ఆంగన్‌లో గోల. కాకి గూటి మీద పడింది. బుల్బుల్ రెండూ జుట్టు నిక్కబొడుచుకుని దాని మీదికి దూకుతున్నాయి. కర్ర తీసుకుని పరుగెత్తాను. కాకి పోయింది, కానీ గూడు ఒక వైపుకి ఒరిగి ఒక పిల్ల కింద మట్టిలో పడింది. ఐదు రోజుల పిల్ల. ఊపిరి ఆడుతోంది.

చేతిలోకి తీసుకున్నాను. గోల విని గోడ మీంచి చూస్తున్న మామ్మగారు, "మనిషి చెయ్యి తగిలాక తల్లి మళ్లీ ముట్టుకోదు బాబూ" అన్నారు. నేను కూడా పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. నమ్మాను. మరి దీన్ని నేనే పెంచాలి. చెప్పుల డబ్బాలో దూది వేసి పడుకోబెట్టి వసారాలో అమ్మీ మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. ఏప్రిల్ ఎండ. రోజాతో నా నాలుకే పిడచగట్టుకుపోయింది, దీనికెంత దాహంగా ఉందో అనుకున్నాను. అమ్మీ మందుల డ్రాపర్ కడిగి నీళ్లు పట్టాను. డ్రాపర్ తగలగానే పిల్ల నోరు తెరిచింది.

అమ్మీ కుడి చెయ్యి ఊపుతూ "న... నక్..." అంటోంది. అప్పుడే జావ టైము. తినను అంటోంది అనుకున్నాను. "ఠహరో అమ్మీ, తర్వాత చూద్దాం" అని ఇంకో రెండు చుక్కలు వేశాను. ఆ తర్వాత బలం కోసమని రెండు చుక్కలు పాలు.

పిల్ల తల వెనక్కి వాల్చింది. ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ వచ్చింది. రెండుసార్లు ఒళ్లు విదిలించింది. మగ్‌రిబ్ అజాన్‌కి ముందే చల్లబడిపోయింది.

అప్పుడు అర్థమైంది అమ్మీ ఏమంటోందో. "నక్కో." నీళ్లు పోయొద్దు అంటోంది. నీళ్లు గొంతులో అడ్డంపడితే ఎలా ఉంటుందో మా ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. గోడ మీద కాగితం అంటించింది నేను. చిక్కటిది, కొంచెం కొంచెం, నిటారుగా అని రాసింది నేను. కాగితం అమ్మీ కోసం అనుకున్నాను. దాహంతో ఉన్న ప్రతి నోటికీ అదేనని తోచలేదు.

ఇన్నాలిల్లాహి అనుకుని మల్లెపందిరి కింద చిన్న గుంట తీసి పూడ్చాను. ఖజూర్ నోట్లో పెట్టుకున్నాను కానీ చాలాసేపు మింగుడుపడలేదు.

తరావీ అయ్యాక కాలేజీలో జువాలజీ చెప్పే దోస్తుకి ఫోన్ చేశాను. తిట్టలేదు, ఓపిగ్గా చెప్పాడు. పక్షి పిల్ల నాలుక వెనకే, నోటి అడుగున ఊపిరిగొట్టం ద్వారం ఉంటుంది. పైనుంచి నీళ్లు వదిలితే నేరుగా అందులోకి పోతాయి. తల్లి పిల్లకు విడిగా నీళ్లు పట్టదు, పురుగులోనే, పండులోనే తడి ఉంటుంది. పాలు పక్షులకు పడవు. ఇక చెయ్యి తగిలితే తల్లి రాదన్న మాట పెద్దవాళ్లు పిల్లల్ని గూళ్ల జోలికి పోకుండా చెప్పిన మాట. పిట్ట అంత తేలిగ్గా తన పిల్లను వదులుకోదు. గూడు అందేలా ఉంటే పిల్లను గూట్లో పెట్టి దూరంగా వచ్చెయ్యాలి, అంతే.

ఆ దోస్తే సాలిం అలీ సంగతి గుర్తు చేశాడు. మన దేశంలో పక్షుల గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆ కాలంలో లేడంటారు. 1896లో బొంబాయిలో పుట్టాడు. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. చూస్తే గొంతు మీద పసుపు మచ్చ ఉంది, మామూలు పిచ్చుక కాదు. ఇది తినడానికి హలాలేనా అని షక్ వచ్చి మామ దగ్గరికి పట్టుకెళ్లాడు. ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడ గదుల నిండా పక్షుల నమూనాలు చూసి ఆ కుర్రాడి జిందగీయే మారిపోయింది. తర్వాత 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసింది ఆయనే. 1985లో రాసుకున్న ఆత్మకథకు 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' అని పేరు పెట్టాడు. తన చేతిలో పడిపోయిన ఆ పిచ్చుకను ఎనభై ఏళ్లు దాటాక కూడా మర్చిపోలేదు. నా చేతిలో పోయింది కూడా ఒక పిట్టే. నేను సాలిం అలీని కాను. కనీసం తెలుసుకున్నది పదిమందికి చెప్పగలను అనుకున్నాను. ఇది రాయడానికి కారణం అదే.

ఆ రాత్రి నిద్ర రాక పడుకుంటే మదర్సాలో విన్న ఒక హదీస్ గుర్తొచ్చింది. అబూ దావూద్‌లో ఉంది. సఫర్‌లో సహాబాలు ఒక పిట్ట రెండు పిల్లల్ని తీసుకుంటారు. తల్లి వచ్చి రెక్కలు పరిచి కొట్టుకుంటుంది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం అది చూసి, పిల్లల్ని తీసి దీన్ని బాధపెట్టింది ఎవరని అడిగి, దాని పిల్లల్ని దానికి తిరిగి ఇచ్చెయ్యమని హుకుం ఇస్తారు. ఇన్నేళ్లూ దీన్ని రహమ్ గురించిన హదీస్‌గానే విన్నాను. పక్షి పిల్లకు ఏది మంచిదో కూడా అందులోనే ఉందని తట్టలేదు. మీరు పెంచండి, నీళ్లు పట్టండి అనలేదు. తిరిగి ఇచ్చెయ్యండి అన్నారు.

ఇరవై ఆరో రోజా సాయంత్రం, షబే ఖద్ర్ రాత్రికి ఇంకో గంట ఉందనగా, గోదావరి వైపు నుంచి ఈదురుగాలి లేచింది. గూటిని నేను తాడుతో సరిచేసి కట్టాను కానీ పందిరి మొత్తం ఊగిపోయింది. ఇంకో పిల్ల కింద పడింది. ఈసారి రెక్కల మీద ఈకల మొలకలు వచ్చేశాయి. చేతులు వణుకుతున్నాయి. డ్రాపర్ వైపు చూడలేదు. కుర్చీ ఎక్కి, గూట్లో రెండోదాని పక్కన కూర్చోబెట్టి, దిగి, లోపలికి వచ్చి తలుపు వేసేశాను. అమ్మీ పక్కన మంచం మీద కూర్చున్నాను. పది నిమిషాలు. పదిహేను. తల్లి జామకొమ్మ మీద కూర్చుని అరుస్తోంది, దగ్గరికి రావట్లేదు. మామ్మగారి మాటే నిజమేమో అని గుండె జారిపోతోంది. అమ్మీ కుడి చెయ్యి నా చేతి మీద వేసింది. అప్పుడు తల్లి వచ్చి గూటి అంచు మీద వాలింది. ముక్కున ఆకుపచ్చగా ఏదో ఉంది. రెండు నోళ్లు లేచాయి. నా చెయ్యి తగిలిన నోట్లోనే ముందు పెట్టింది.

"అల్‌హమ్దులిల్లాహ్" అన్నాను. అమ్మీ కూడా ఏదో అంది. ఆ మాట ఎంత ముద్దగా వచ్చినా పొరబడలేం.

ఇక అమ్మీ సంగతి. మొదటి పిల్ల పోయిన మర్నాడు డాక్టర్‌తో మాట్లాడి చాలా మందుల్ని సెహ్రీకీ ఇఫ్తార్‌కీ జరిపించాను. మధ్యాహ్నం మాత్రం ఏదో ఒకటి లోపలికి వెళ్లాల్సిందే అన్నాడు. మధ్యాహ్నం జుహర్ అయ్యాక గిన్నె పట్టుకుని అమ్మీ కుడి వైపు కూర్చున్నాను. దిండ్లు సర్ది నిటారుగా కూర్చోబెట్టాను. "అమ్మీ, నీకు రోజా ఉండాలని ఉంది. నాకు నువ్వుండాలని ఉంది" అన్నాను. ఫత్వాలు మళ్లీ చెప్పలేదు. చెంచా అంచు కింది పెదవికి తగిలించి ఊరుకున్నాను. తొయ్యలేదు. ఫోన్ పక్క గదిలో పెట్టి వచ్చాను. బయట పిట్ట రెండుసార్లు వచ్చి వెళ్లింది. మూడోసారి వచ్చినప్పుడు అమ్మీ నోరు తెరిచింది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, కానీ తెరిచింది. ఆ రోజు ఐదు చెంచాలు. గంట పట్టింది. దగ్గు రాలేదు.

నా ఓపిక చూసి తెరిచిందో, రోజా పోయినా ఫర్వాలేదు కొడుకు బాధపడుతున్నాడని తెరిచిందో నాకు తెలియదు. రెండోదే అయ్యుంటుంది. అప్పుడు కూడా ఆమే నాకు పెట్టినట్టు.

ముప్పయ్యో రోజా పొద్దున తల్లిపిట్ట పురుగు పట్టుకొచ్చి గూటి దాకా రాలేదు. పందిరి చివర కూర్చుని పిలిచింది. పిల్లలు నోళ్లు తెరిచి గోల చేశాయి. రాలేదు. చివరికి ఒకటి అంచు ఎక్కి, తూలి, తీగ మీదికి దూకింది. అప్పుడు పెట్టింది. రెండోది ఈద్ పొద్దున్న దాకా గూట్లోనే ఉంది. మేము ఈద్‌గాహ్ నుంచి వచ్చేసరికి బావి గట్టు మీద ముడుచుకు కూర్చుని ఉంది. ఇలాంటి పిల్లలు మీ పెరట్లో కనిపిస్తే అనాథలనుకుని ఇంట్లోకి తీసుకెళ్లకండి. సరిగ్గా ఎగరడం రాకముందే గూడు దిగుతాయి. ఇంకొన్ని రోజులు తల్లీతండ్రీ పొదల్లోనే తిరిగి మేపుతారు. పిల్లినీ కుక్కనీ దూరంగా ఉంచితే చాలు. మా బేటీ కొత్త షరారాలోనే కర్ర పట్టుకుని మధ్యాహ్నం దాకా బావి దగ్గర కాపలా కాసింది. అమ్మీకి షీర్ ఖుర్మా చిక్కగా మెదిపి తెచ్చాం. నాలుగు చెంచాలు తిన్నది.

పిట్ట మేపడానికి ఒక చివరి రోజు ఉంది. అది ఖుషీ రోజు. పిల్ల ఎగిరిపోతుంది, పని అయిపోతుంది. నా పని అలా అయిపోదు. ఇది ఏ వైపు ముగుస్తుందో నాకూ తెలుసు, అమ్మీకీ తెలుసు. పిట్టల్లో ఎదిగిన పిల్లలు ముసలి తల్లికి పురుగు తెచ్చి పెట్టడం నేను చూడలేదు. మనకు మాత్రం ఆ హుకుం ఉంది. సూరా బనీ ఇస్రాయీల్‌లో అమ్మానాన్నల గురించి చెప్పే చోట, వాళ్ల ముందు వినయంగా రెక్క వంచమని ఉంది. చేతులు కట్టుకోమనో తల దించుకోమనో కాదు, రెక్కే. చిన్నప్పుడు నన్ను పెంచినట్టే వాళ్ల మీద రహమ్ చెయ్యమని ఆ వెంటనే దువా. రోజూ నమాజ్‌లో చదివే దువా. అందులో ముందు మాట ఏమిటో ఆ రంజాన్‌లోనే సరిగ్గా చూశాను.

ఆ గూడు వానల దాకా ఉంది, తర్వాత జారిపోయింది. మామ్మగారు ఇప్పటికీ కుచ్చు పంపిస్తున్నారు. పొలంమందు గురించి మాత్రం ఇద్దరం వాదించుకుంటూనే ఉన్నాం. పిల్లను గూట్లో పెడితే తల్లి వచ్చిందని చెప్తే, "అట్టాగా బాబూ, అయితే మా అమ్మ చెప్పింది అబద్ధమేనన్నమాట" అని నవ్వారు.

అమ్మీ ఇప్పుడు మధ్యాహ్నం ఏడెనిమిది చెంచాలు తింటోంది. ఒక్కోరోజు నాలుగే. నాలుగైతే నాలుగు. చెంచా పెదవికి తగిలించి, ఇద్దరం కిటికీలోంచి ఆంగన్ వైపు చూస్తూ కూర్చుంటాం.